మూట కట్టినవాడి మాటలు

డెబియన్ అనే లినక్స్ పంపిణీకి ప్యాకేజీలు కట్టడంలోనే నా సాయంత్రాలు చాలావరకు గడిచిపోయాయి. జీతం లేని పని. సి భాషలో రాసిన చిన్న చిన్న పనిముట్లు కట్టినంతకాలం సుఖంగానే ఉంది. వెబ్ అప్లికేషన్ల జోలికి వెళ్ళాకే నా అసలు చదువు మొదలైంది.

1. పెళ్ళికొడుకును చూసి మురిసిపోవడం కాదు, వెంట వచ్చే చుట్టాలను లెక్కపెట్టుకోవాలి.

నోట్స్ రాసుకునే ఓ చిన్న అప్లికేషన్ చూసి, రెండు వారాల్లో కట్టేస్తానని మాటిచ్చాను. దాని లైబ్రరీలు, ఆ లైబ్రరీల లైబ్రరీలు కలిపితే వందల్లో తేలాయి. డెబియన్‌లో బిల్డ్ జరిగేటప్పుడు నెట్ నుంచి ఏదీ దించుకోకూడదు. కావలసినవన్నీ ముందే ప్యాకేజీలుగా ఉండాలి. చాదస్తమని విసుక్కునేవాణ్ణి. 2016 మార్చిలో 11 వరుసల లెఫ్ట్‌ప్యాడ్ అనే లైబ్రరీని దాని రచయిత ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ భాండాగారం నుంచి తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. ఆ రోజు విసుగు తగ్గింది. నా రెండు వారాలు మాత్రం ఏడాదిన్నర అయ్యాయి.

2. లోపల దాచిన కాపీ, ఇంట్లో చెప్పకుండా చేసిన అప్పు.

ఆ ఆలస్యానికి బెదిరి, తర్వాతి అప్లికేషన్‌లో రచయితలు కలిపి ఇచ్చిన జేక్వెరీ లైబ్రరీని అలాగే ఉంచేశాను. అది మినిఫై చేసిన ఫైలు. మనిషి చదవలేనిదాన్ని సోర్సు అనరని నాకూ తెలుసు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటి మారిస్తే, దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నిటికీ మరమ్మతు అందడం కళ్ళారా చూసినవాణ్ణి. అయినా తప్పు చేశాను. 2020లో జేక్వెరీలో భద్రతా లోపాలు సరిదిద్దారు. ఉమ్మడి ప్యాకేజీ బాగుపడింది, నా కాపీ పాతదిగానే మిగిలింది. ఆ లోపం మీ ప్యాకేజీలో ఇంకా ఉందేమిటండీ అని ఎవరో వాడుకరి అడిగేదాకా నాకు దాని ధ్యాసే లేదు. ఆ ఉత్తరంలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

3. అర్థం కాని వరుసను ముట్టుకోకూడదు.

అప్లికేషన్ అడిగే వెర్షన్ ఒకటి, డెబియన్‌లో ఉండేది మరొకటి. ఆ వెర్షన్ పట్టింపు సడలించి ప్యాచ్ వేస్తాం. టెస్టులు నడపకుండా ఒకసారి అలా వేశాను. లాగిన్ పేజీ పోయింది. నాది చిన్న తప్పు. 2006లో హెచ్చరికలు వస్తున్నాయని డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో తీసేసిన వరుసల వల్ల, 2008 మే దాకా దానితో పుట్టిన రహస్య తాళంచెవులు ఊహించగలిగేవే. ఒక్కో రకానికి 32 వేల చిల్లర అవకాశాలే.

4. నిలకడకూ పరుగుకూ పొత్తు కుదరదు.

డెబియన్ స్టేబుల్ విడుదల సుమారు రెండేళ్ళకొకటి. గిట్‌ల్యాబ్ లాంటి వెబ్ అప్లికేషన్లు నెలనెలా కొత్త వెర్షన్ తెస్తాయి. పాతదానికి భద్రతా ప్యాచ్‌లు రచయితలు మానేశాక ఆ భారం మూట కట్టినవాడి మీదే పడుతుంది. కొన్నిటిని స్టేబుల్‌లోకి పంపకపోవడమే మర్యాద.

నోట్స్ ప్యాకేజీని దత్తతకు పెట్టాను. కళ్ళు సహకరించడం లేదు. తీసుకునేవారుంటే రండి; దాని బిల్డ్ సూచనలుండే రూల్స్ ఫైలులో నన్ను నేను తిట్టుకున్న కామెంట్లు కొన్ని ఉంటాయి, వాటిని చెరపకండి.