ప్లగ్గు మీది అంకె చదువుదాం

మన కథలాపూర్ మండలంలో బైకు లేని వాడ లేదు. వరి, పసుపు, మక్క చేన్లలో మందు కొట్టడానికి తైవాన్ పంపులు తిరుగుతున్నాయి. వీటిని నడిపేది వేలెడంత స్పార్క్ ప్లగ్గు. అది మొరాయిస్తే మందు కొట్టే దినం పోతుంది, కూలి మీద పడుతుంది. తప్పుడు ప్లగ్గు బిగిస్తే పిస్టనే కరిగిపోవచ్చు. కోరుట్ల, జగిత్యాల షెడ్లలో మన అన్నలు, గల్ఫ్ గ్యారేజీల్లో మన బావలు ఈ పనిని చేతితో నేర్చుకున్నారు. ఇండ్లల్లో మొదటి డిగ్రీ పట్టా తెచ్చిన మేము, పుస్తకంలో చదివిన దాన్ని వారి చేతిపనికి జోడించాలని ఈ వ్యాసం రాస్తున్నాము. ప్లగ్గుకు కఠిన పరీక్ష పెట్టే రోటరీ ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం.

రోటరీ ఇంజను అంటే ఏమిటి?

జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ దీనికి ఆద్యుడు. 1957లో మొదటి నమూనా తిరిగింది. ఇందులో పైకీ కిందికీ కదిలే పిస్టన్ ఉండదు. మూడు మూలల రోటరు గుండ్రంగా తిరుగుతుంది. జపాన్ కంపెనీ మాజ్డా 1967లో కాస్మో స్పోర్ట్, 1978లో ఆర్ఎక్స్-7, 2003లో ఆర్ఎక్స్-8 కార్లను ఈ ఇంజనుతో తెచ్చింది. 1991లో ఫ్రాన్సులోని లే మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారుదీ రోటరీ ఇంజనే.

దీని దహన గది పొడవుగా, పలచగా ఉంటుంది. ఒక చోట అంటిన మంట త్వరగా అంతటా పాకదు. అందుకే ఆర్ఎక్స్ కార్లలో ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు పెట్టారు. కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. 2003లో వచ్చిన బజాజ్ పల్సర్ డీటీఎస్-ఐలో ఒకే సిలిండరుకు రెండు ప్లగ్గులు పెట్టడం వెనుక ఉన్నదీ మంట త్వరగా పాకాలన్న ఆలోచనే.

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు

ప్లగ్గు కొన సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తక్కువైతే మసి కాలిపోక పేరుకుంటుంది. ఎక్కువైతే నిప్పురవ్వ రాకముందే పెట్రోలు అంటుకొని ఇంజను దెబ్బతింటుంది. లోపలి పింగాణీ కొన పొడవుగా ఉంటే వేడి నెమ్మదిగా బయటికి పోతుంది, అది వేడి ప్లగ్గు. పొట్టిగా ఉంటే వేడి త్వరగా పోతుంది, అది చల్లని ప్లగ్గు.

ఫోర్ స్ట్రోక్ బైకులో షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట. లోపలికి వచ్చే తాజా గాలి, పెట్రోలు ప్లగ్గును కొంత చల్లబరుస్తాయి. రోటరీలో ఒక్కో రోటరుకు షాఫ్టు ప్రతి చుట్టుకూ ఒక మంట. గాలి పీల్చేది ఒక పక్క, మంట మండేది మరో పక్క. కాబట్టి ప్లగ్గుకు ఆ చల్లదనం దొరకదు. అందుకే దీనికి చల్లని ప్లగ్గులు కావాలి. ఎన్‌జీకే లెక్కలో ఆర్ఎక్స్-8కు కింద 7, పైన 9. వీటి చోటు మార్చరాదు.

మరీ చల్లనిదీ పనికిరాదు. రోటరు మూలల సీళ్లు అరగకుండా కొద్దిగా ఆయిలు దహన గదిలోకి పోతుంది. ఆ ఆయిలు కాలకపోతే ప్లగ్గు తడిసి బండి స్టార్టు కాదు. ఆయిలు కలిపిన పెట్రోలుతో నడిచే టూ స్ట్రోక్ తైవాన్ పంపుకూ ఇదే బాధ.

అసలు మోసం అంకెల్లో ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగితే చల్లనిది. ఇప్పటి బాష్, చాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగితే వేడిది. పెద్ద అంకె అంటే మంచి ప్లగ్గని కొంటే నష్టపోతాం.

వైరు సంగతి

కాయిల్ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. వైరు పగిలితే ఆ కరెంటు ప్లగ్గుకు చేరకుండా ఇంజను బాడీకి దూకుతుంది. ఉత్త రాగి తీగ మంచిదనుకుంటారు గానీ, అది రేడియోలో గరగర పుట్టిస్తుంది, కంప్యూటరు ఉన్న బండిని గందరగోళపరుస్తుంది. అందుకే కంపెనీ వైర్లలో నిరోధం కావాలనే పెడతారు. ప్లగ్గు పేరులో 'ఆర్' అక్షరానికీ అర్థం అదే. రోటరీలో పై వైరు కిందికి మార్చితే నిప్పురవ్వ వేళ తప్పుతుంది. కాబట్టి వైర్లు విప్పే ముందు గుర్తు పెట్టుకోవాలి.

మనం చేయవలసినవి

1. బండి పుస్తకంలో ఉన్న నంబరు ప్లగ్గే కొనాలి. మరల పొడవు కూడా సరిపోవాలి. ఎక్కువైతే లోపలి భాగాలకు తగులుతుంది.
2. కంపెనీ మారితే పోలిక పట్టిక చూడాలి. అంకె ఒకటే అని బిగించరాదు.
3. పాత ప్లగ్గు రంగు చూడాలి. లేత గోధుమ రంగు మంచిది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ కావచ్చు, లేదా ప్లగ్గు మరీ చల్లనిది కావచ్చు. తెల్లగా పొక్కులు వస్తే వేడి ఎక్కువైంది. ఇంజనును వెంటనే చూపించాలి.
4. వైరును మల్టీమీటరుతో చూడాలి. నిరోధం అంతులేకుండా చూపితే లోపల తెగినట్టే.

విద్యార్థి మిత్రులారా! ఓమ్ సూత్రం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయిన పంపు ప్లగ్గు విప్పి, దాని మీది అంకె చదవండి. షెడ్డులోని అన్న దగ్గర రంగు గుర్తుపట్టడం నేర్చుకోండి, ఆయనకు అంకెల పట్టిక చదివి చెప్పండి. మన చదువు మన ఇంటికి ఉపయోగపడడం అక్కడే మొదలవుతుంది.