కొబ్బరి మొవ్వులో మూలకణాల సమతుల్యత – తుపాను అనంతర తోటల పునరుద్ధరణలో దాని ప్రాధాన్యం

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. భావనపాడు వంటి తీర గ్రామాలకు తుపానులు కొత్త కావు. గాలివాన వెలిసిన తరువాత ఏ చెట్టును ఉంచాలి, దేనిని తొలగించాలి అన్నదే రైతు ముందున్న మొదటి ప్రశ్న. దీనికి సమాధానం మూలకణాల స్వభావంలో ఉంది.

మూలకణం తన సంతతిని నిలుపుకోవాలి. అవయవాలకు కావలసిన కణాలనూ అందించాలి. మొదటిది స్వీయ నవీకరణ, రెండవది విభేదనం. అసమ విభజనలో ఒక పిల్లకణం మూలకణంగానే మిగులుతుంది, రెండవది విభేదనం వైపు సాగుతుంది. పత్రరంధ్రాలు ఏర్పడేటప్పుడు కొన్ని ప్రోటీన్లు విభజనకు ముందే కణంలో ఒక పక్కకు చేరి ఈ తేడాను కలిగిస్తాయి. కాండాగ్రంలో మాత్రం కణం ఉన్న స్థానమే ప్రధానం. అరబిడాప్సిస్ మొక్కలో ఉషెల్ ప్రోటీన్ మూలకణాలను నిలుపుతుంది; ఆ మూలకణాలు విడుదల చేసే క్లావేటా-3 పెప్టైడ్ ఉషెల్ జన్యువును అదుపులో ఉంచుతుంది. ఉషెల్ లోపిస్తే కాండాగ్రం ఆగిపోతుంది, క్లావేటా-3 లోపిస్తే అమితంగా ఉబ్బుతుంది.

కొబ్బరికి కొమ్మలు ఉండవు. ఆకు గ్రీవాలలోని మొగ్గలు పూగుత్తులుగా మారతాయి. అందువల్ల మొవ్వులోని ఏకైక కాండాగ్రం నశిస్తే చెట్టు చనిపోతుంది. జీడిమామిడి మోడులోని నిద్రాణ మొగ్గలు మాత్రం తిరిగి చిగురించగలవు. ఆ చిగుళ్లపై మేలురకాల అంటు కట్టవచ్చు.

కావున మట్టలు విరిగినా మొవ్వాకు పచ్చగా, గట్టిగా ఉన్న కొబ్బరి చెట్టును తొలగించరాదు. లాగితే ఊడివచ్చి దుర్వాసన వెలువడితే అది మొవ్వుకుళ్లు లక్షణం. తొలిదశలో కుళ్లిన భాగాన్ని తీసివేసి 10 శాతం బోర్డో పేస్టు పూసి, కొత్త చిగురు వచ్చేవరకు వాన నీరు చేరకుండా కప్పాలి. కొమ్ముపురుగు కూడా మొవ్వునే తొలుస్తుంది గనుక గాయపడిన తోటల్లో దానిపై నిఘా అవసరం.

పూగుత్తి విచ్చుకోవడానికి రెండేళ్లకు పైగా ముందే మొవ్వులో రూపుదిద్దుకుంటుంది. అందుచేత తుపాను నష్టాన్ని ఆ ఏటి దిగుబడితోనే లెక్కించక, మొవ్వు స్థితిని చూసి చెట్టు భవితవ్యాన్ని నిర్ణయించడం విస్తరణ సిబ్బంది పాటించవలసిన పద్ధతి.