గుఱ్ఱము మొరాయించినచో ముందు వీపు చూడుడు

పాడేరు, చింతపల్లి ప్రాంతములలో మోటారు దారి చేరని కొండ గ్రామములు నేటికిని కలవు. అచ్చట మిరియములు, పసుపు, కాఫీ గింజలు వారపు సంతకు దిగుటయు, బియ్యము, ఉప్పు, నూనె ఇంటికెక్కుటయు చాలవఱకు గుఱ్ఱము వీపు మీదనే. ఏండ్ల తరబడి సాధువుగా నడచిన అట్టి గుఱ్ఱము ఒకనాడు గంత తేగానే చెవులు వెనుకకు వాల్చును. కడుపు క్రింద పట్టెడ బిగింపబోగా కఱవ వచ్చును. దిగుడు దారిలో అడుగు వేయక నిలిచిపోవును. యజమాని దానికి పొగరెక్కినదనును. ఇరుగుపొరుగువారు వచ్చి ఒంటిమీది సుడులు వెదకి, ఫలానిచోట సుడి యున్నది కనుక ఇంటికి అచ్చిరాదందురు. తరువాత కఱ్ఱ దెబ్బలు. తుదకు సంతలో అయినకాడికి అమ్మకము.

సుడి పుట్టుకతో వచ్చినది. నిన్నటివఱకు పిల్లలు మెడ పట్టుకొని వ్రేలాడినను ఊరకున్న గుఱ్ఱము నేడు కఱచుచున్నదనిన, మారినది సుడి కాదు. మఱి ఏమి మారినదో చూడవలెను. ముందుగా చూడదగినది వీపు.

గుఱ్ఱమునకు మూపునుండి నడుమువఱకు సాధారణముగా 18 వెన్నుపూసలు, వానికి 18 జతల ప్రక్కటెముకలు ఉండును. వెనుక నడుము పూసలు 6. ప్రతి పూసనుండియు ఒక ముల్లు పైకి లేచియుండును. ఈ ముళ్ళ మీద బరువు నిలువరాదు. ఇరుప్రక్కల నున్న దట్టమైన కండల మీదను, ప్రక్కటెముకల మీదను అది పరచుకొనవలెను. గంత నలిగి పలుచబడినప్పుడు, లేక బస్తాను వెన్నుకు అడ్డముగా వేసినప్పుడు బరువంతయు ముళ్ళ మీదికి దిగును. చర్మము నలుగును, కండ బిగిసికొనును. కొన్ని గుఱ్ఱములలో ముళ్ళు ఒకదానినొకటి ఒరసికొనుటయు కలదు. అది పైకి కానరాదు, ఎక్స్‌రే తీసిననే తెలియును.

గుఱ్ఱము నొప్పి దాచుకొను జంతువు. అడవిలో కుంటిదానినే పులి పట్టును గదా! కావున కుంటుటకు ముందే నడవడి మారును. ఇంగ్లండులోని అశ్వవైద్యురాలు స్యూ డైసన్ తన సహచరులతో కలిసి స్వారీ గుఱ్ఱములను పరిశీలించి, నొప్పిని సూచించు 24 చేష్టలతో 2018లో ఒక పట్టిక ప్రకటించెను. చెవులు వాల్చుట, తోక విసరుట, తల ఎగురవేయుట, అడుగు సాగకుండుట అందులోనివి. 8 గాని అంతకు మించి గాని కనబడినచో నొప్పి ఉన్నదని గట్టిగా అనుమానింపవలెనని ఆ పరిశీలనలో తేలినది. ఆ లెక్క స్వారీ గుఱ్ఱమునకు చెప్పినది. బరువు మోయు తట్టువకు అట్లే వర్తింపదు. కాని మనము పొగరనుకొను చేష్టలలో పెక్కు ఆ పట్టికలో ఉండుట ఆలోచింపదగినది.

వీపు పరీక్షించుటకు ఖర్చు లేదు. పనికి పోకమునుపు, గుఱ్ఱము నెమ్మదిగా ఉన్నప్పుడు, సమతలమున నిలుపుడు. ఎఱిగిన మనిషి తల పట్టుకొనవలెను. మీరు భుజము ప్రక్కన నిలువవలెను గాని వెనుక కాళ్ళ దగ్గఱ నిలువరాదు. వెన్నుకు ఇరువైపుల, ముళ్ళనుండి నాలుగు వ్రేళ్ళ ఎడముగా, మూపునుండి పిఱుదులవఱకు అరచేయి మెల్లగా నడపుడు. పిదప వ్రేళ్ళ కొసలతో కొంచెము అదుముడు. గోటితో పొడిచిన ఆరోగ్యముగల గుఱ్ఱము కూడ ఉలికిపడును. అది పరీక్ష కాదు. ఒకేచోట మూడుమారులు అదిమినప్పుడు మూడుమారులును వీపు క్రిందికి వంచినను, కండ ఱాయివలె బిగిసినను, తల త్రిప్పి కఱవబోయినను, అచ్చట నొప్పి ఉన్నదని గుర్తుంచుకొనుడు. కుడియెడమలను పోల్చుడు. తరువాత చిన్న సుడిగా త్రిప్పి, నాలుగడుగులు వెనుకకు నడపి, కొంచెము పల్లమునకు దింపి చూడుడు.

గంత మాట మఱవరాదు. సంతనుండి వచ్చి గంత తీయగానే చెమట గుర్తు చూడుడు. చుట్టును తడిసి నడుమ ఒక్కచోట అరచేయంత పొడిగా ఉన్నచో అచ్చట ఒత్తిడి ఎక్కువ పడుచుండవచ్చును. నల్లని, ఎఱ్ఱని వెండ్రుకల నడుమ తెల్లని మచ్చలున్నచో పూర్వమెప్పుడో అక్కడ దెబ్బతిన్నదని అర్థము. గుఱ్ఱమును కొనువారు ఇది తప్పక చూడవలెను. గంత రెండు మెత్తలుగా ఉండి, నడుమ వెన్నుకు కాలువవలె ఖాళీ ఉండవలెను. ముందునుండి చూచిన వెనుక వెలుతురు కనబడవలెను. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము తట్టువకు గరిష్ఠ భారము 70 కిలోలు. ఒకప్రక్క 50, ఒకప్రక్క 20 వేసి లెక్క సరిపోయినదనుట తగదు. బరువు మీద మనిషి కూడ ఎక్కుట మఱింత అన్యాయము.

వీపు నొప్పి ఎల్లప్పుడును వీపులోనే పుట్టదు. పెరిగిన గిట్ట, అరిగిన లాడము, వెనుక కాలి కీలులో వాపు ఉన్నప్పుడు గుఱ్ఱము నడుము బిగించి నడచి, ఆ బిగువుచేతనే వీపు చెఱుపుకొనును. పంటి మొనలు, కడుపులో పుండ్లు కూడ స్వభావము మార్చును. కావున వైద్యునకు చూపకుండ ఇది వీపేయని తీర్మానింపరాదు. 1962 నెంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును. దారి లేని గ్రామమువారు వాహనము నిలుచు చోటికి గుఱ్ఱమును నడిపించుకొని పోవలసియుండును.

అయితే నడిపింపరాని సందర్భ మొకటి కలదు. రెండు మూడు దినములు పని లేక కట్టివేసి, దాణా మాత్రము తగ్గింపక, మరునాడు బరువు వేసినప్పుడు కొన్ని గుఱ్ఱములు కొంతదూరము పోగానే చెమటతో నిలిచిపోవును. పిఱుదులు బిగిసి గట్టిపడును, మూత్రము కాఫీరంగున వచ్చును. అప్పుడు ఒక్క అడుగైనను వేయింపక, బరువు దింపి, నీరిచ్చి, అక్కడికే వైద్యుని సలహా పొందవలెను. ఒళ్ళు కొయ్యబాఱి, తోక నిక్కి, కంటిమీదికి తెల్లని పొర వచ్చినచో ధనుర్వాతమని శంకింపవలెను. ఇదియు అత్యవసరమే.

మనుషుల నొప్పిమాత్రలు పెట్టుట అపాయకరము. మాత్రతో నొప్పి అణచి బరువు వేయుట మఱింత చెఱుపు. వైద్యుడు చెప్పినంతకాలము వీపు మీద ఏమియు వేయక మేతకు విడువవలెను. పిదప మొదట వట్టి గంత, కొన్నినాళ్ళకు పావు బరువు, ఆపైన సగము. వీపు మానిన తరువాత కూడ కొన్నాళ్ళవఱకు గంతను చూచి గుఱ్ఱము చెవులు వాల్చవచ్చును. అది నొప్పిని తలచుకొనుటయే. ఆ దినములలో పట్టెడను ఒక్కమారుగా లాగక, ఒక రంధ్రము బిగించి, నాలుగడుగులు నడిపి, మఱియొక రంధ్రము బిగింపుడు.