సెన్సర్ నోరు నొక్కకు

చి. కిరణ్‌కి బాబాయి దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదురా. పాత పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ కొన్నందుకు కాదు, దాని సూపర్‌ఛార్జర్‌కి చిన్న పుల్లీ వేయించినందుకూ కాదు. స్కానర్‌లో నాక్ రిటార్డ్ ఆరు డిగ్రీల దాకా చూపిస్తోందనీ, అది ఉత్తుత్తి నాకేనని మీ స్నేహితుడు తేల్చేశాడనీ, సెన్సర్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి దాని నోరు నొక్కేద్దామనుకుంటున్నావనీ రాశావే, అందుకు. ఆ పని మాత్రం చెయ్యకు. ఎందుకొద్దంటున్నానో ఓపిగ్గా చెబుతాను, నువ్వూ ఓపిగ్గా చదువు.

స్పార్క్ పడ్డాక మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండర్ అంచు దాకా వరసగా పాకాలి. అది చేరేలోపే అంచున మిగిలిన గాలీ పెట్రోలూ వేడికీ ఒత్తిడికీ తాళలేక వాటంతటవే భగ్గుమంటే అదే నాక్. ఆ దెబ్బకు సిలిండర్ లోపలి వాయువు మోగుతుంది. ఏ శ్రుతిలో మోగేదీ సిలిండర్ వెడల్పును బట్టి ఉంటుంది. నీ 3.8 లీటర్ల వీ6 బోరు 96.5 మిల్లీమీటర్లు, కాబట్టి దాదాపు 6 కిలోహెర్ట్జ్. బ్లాకుకు బిగించిన సెన్సర్ ఆ అదురును పట్టి కంప్యూటర్‌కి చెబితే, కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది. అలా లాగిన డిగ్రీలే నీ స్కానర్ చూపించే నాక్ రిటార్డ్. ఈ వీ6 వంశానికి ఇది కొత్త కాదు, 1978లోనే బ్యూక్ టర్బో బండ్లలో ఈ ఏర్పాటు ఉంది. అయితే సెన్సర్‌కి తెలిసేది అదురే తప్ప మంట కాదు. ఆ శ్రుతికి దగ్గరగా మరేది గలగలలాడినా అది నాక్ కిందే జమకడుతుంది. ఉత్తుత్తి నాక్ పుట్టేది అక్కడే, ఆ మేరకు మీవాడి మాట సబబే. కానీ ఆ గలగలకూ ఒక కారణం ఉంటుంది. వెతికితే దొరికే కారణమే అది.

నీ బండిలో అలాంటిది ఒకటి తప్పకుండా ఉందనుకుంటున్నాను. పార్కులో పెట్టి యాక్సిలరేటర్ తట్టి వదిలినా రెండు మూడు డిగ్రీలు చూపిస్తోందని రాశావు. లోడు పడని ఇంజన్‌లో, బూస్ట్ లేనప్పుడు, నిజమైన నాక్ రావడం అరుదు. ఈటన్ ఎం90 సూపర్‌ఛార్జర్ ముక్కులో, పుల్లీ ఇరుసుకూ లోపలి గేర్లకూ మధ్య ఒక ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పిన్నులు దూరే దాని గుండ్రటి చిల్లులు కోలగా అరిగిపోతాయి, ఐడిల్‌లో డబ్బాలో గోళీలు ఆడించినట్టు మోత వస్తుంది. పరీక్ష సులువు. నీ బండిలో సూపర్‌ఛార్జర్‌కి బెల్టు వేరేగా ఉంది. ఇంజన్ ఆపి దాన్ని తీసి, పుల్లీని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడు, వదులు తెలిసిపోతుంది. ఆ బెల్టు లేకుండానే కాసేపు స్టార్ట్ చేసి మళ్లీ అలాగే తట్టు. రిటార్డ్ మాయమైతే దొంగ దొరికినట్టే. పోకపోతే ఎగ్జాస్ట్ పైపు బాడీకి ఎక్కడైనా తగులుతోందా, హీట్ షీల్డ్ ఊడిందా చూడు. గేర్ మారే క్షణంలో మెరిసి పోయే ఒకటి రెండు డిగ్రీలకు నలిగిన ఇంజన్ మౌంట్లే చాలాసార్లు కారణం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకురా, స్టాండ్లు పెట్టుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఆరు డిగ్రీలు. పార్కులో చూపించింది ఉత్తుత్తిదని తేలినంత మాత్రాన ఫుల్ థ్రాటిల్‌లో చూపించేది కూడా ఉత్తుత్తిదే అయిపోదు. ఒకే ఇంజన్‌లో రెండూ ఉండొచ్చు, నీ అంకెలు చూస్తే ఉన్నాయనే అనిపిస్తోంది. మధ్యాహ్నం ఎండలో ఆరు, తెల్లవారుజాము చలిలో రెండు అని నువ్వే రాశావు. కప్లర్ మోతకు ఎండతో పనేముంది? వేడికి మండేది సిలిండర్ అంచున మిగిలిన పెట్రోలే. 3.8 అంగుళాల పుల్లీ తీసి 3.4 వేస్తే సూపర్‌ఛార్జర్ 12 శాతం వేగంగా తిరుగుతుంది, గాలి ఇంకా కాగుతుంది, ఆ గాలిని చల్లబరచడానికి కంపెనీ ఇంటర్‌కూలర్ ఇవ్వలేదు. తేల్చుకోవడానికి దారి ఉంది. ట్యూన్‌లో మూడు డిగ్రీల టైమింగ్ తగ్గించి, అదే వేడిలో, అదే రోడ్డు మీద మళ్లీ లాగ్ చెయ్యి. రిటార్డ్ తగ్గిందంటే అది నిజం నాకే. కదలకుండా అంతే ఉంటే మోత. తర్వాత టైమింగ్ మళ్లీ మామూలుకు తెచ్చి, 100 ఆక్టేన్ పెట్రోలుతో ఇంకోసారి చూడు. రెండు పరీక్షలూ ఒకే మాట చెబితేనే నమ్ము.

చెవికేమీ వినపడలేదు కదా అంటావు. సూపర్‌ఛార్జర్ ఊళకు చిన్న నాక్ చెవిన పడదు, అందుకే కదా సెన్సర్ పెట్టారు. రిటార్డ్ వల్ల పవర్ పోతోంది, ఎగ్జాస్ట్ కాగుతోంది అంటావు. ఒప్పుకుంటాను, అందుకే మోతను మాన్పించమంటున్నాను, సెన్సర్‌ని కాదు. టేపు చుట్టిన మీవాడి బండి రెండేళ్లుగా బాగానే తిరుగుతోందంటావు. నాక్ పిస్టన్‌ని ఆ రోజే విరగ్గొట్టదు నాయనా. రింగుల మధ్యనున్న సన్నటి అల్యూమినియం గట్టును ముందు బీటలు వారుస్తుంది. ఏదో ఒక ఎండరోజున, ఎత్తు ఎక్కుతున్నప్పుడు అది విరుగుతుంది. ఆ వేళ నువ్వు ఏ హైవే మధ్యలో, ఏ ట్రక్కుల ముందు ఉంటావోనని నా భయం. ఇంజన్ పోతే ఇంకోటి దొరుకుతుంది.

ఇది తేలేదాకా పాత పుల్లీయే వేసుకో, 93 ఆక్టేన్ తప్ప పోయించకు. డబ్బుకు ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు, కప్లర్ నేను పంపిస్తాను. ఆరు ప్లగ్గులూ తీసి, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ ఉన్నాయేమో భూతద్దంతో చూడు. ఫైర్‌వాల్ వైపు మూడూ చెయ్యి దూరక చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలొద్దు. ఏ సిలిండర్‌దో నంబరు రాసి ఫోటోలు పంపు, ఎండపూట తీసిన లాగ్ కూడా జతచెయ్యి.

మీ బాబాయి