బొగ్గు మండినప్పుడు పరమాణువులో ఏం మారుతుంది

జైపూర్



మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. వాటి బాయిలర్లలో మండే బొగ్గులో ముఖ్యమైన మూలకం కార్బన్. పరమాణు నిర్మాణం నేర్చుకునే కోల్‌బెల్ట్ విద్యార్థికి అంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

కార్బన్ పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ధనావేశం గల ప్రోటాన్లు 6, ఆవేశం లేని న్యూట్రాన్లు సాధారణంగా 6. కేంద్రకం చుట్టూ రుణావేశం గల ఎలక్ట్రాన్లు 6. మూలకం ఏదో తేల్చేది ప్రోటాన్ల సంఖ్య. 6 ఉంటే కార్బన్, 7 ఉంటే నైట్రోజన్. ప్రోటాన్ బరువు ఎలక్ట్రాన్ బరువుకు దాదాపు 1,836 రెట్లు కాబట్టి పరమాణువు బరువంతా ఇంచుమించు కేంద్రకానిదే. జాగా మాత్రం అది ఆక్రమించేది అత్యల్పం. కార్బన్ పరమాణువును కిలోమీటరు వెడల్పున్న ఓపెన్‌కాస్ట్ గనిగా ఊహిస్తే, కేంద్రకం దాని నడుమ ఒక నిమ్మకాయంత ఉంటుంది.

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాడు. పల్చని బంగారు రేకు మీదికి పంపిన ఆల్ఫా కణాల్లో కొన్ని వెనక్కి మళ్లడం చూసి, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చాడు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. ప్రోటాన్, న్యూట్రాన్ కూడా క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో ఏర్పడినవే. ఎలక్ట్రాన్‌లో మాత్రం అంతకంటే చిన్న భాగాలేవీ ఇప్పటిదాకా కనబడలేదు.

పాఠ్యపుస్తకాల్లో ఎలక్ట్రాన్లను సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల్లా గీస్తారు. లెక్క పెట్టుకోవడానికి ఆ బొమ్మ పనికొస్తుంది, కానీ దాన్నే నిజమని నమ్మకూడదు. ఎలక్ట్రాన్ ఎక్కడ కనబడే అవకాశం ఎంత అనేదే చెప్పగలం. కార్బన్‌లో లోపలి కక్ష్యలో 2, బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లుంటాయి. దాని రసాయన గుణమంతా ఆ నాలుగింటి వల్లనే.

బాయిలర్‌లో జరిగేది కూడా వాటి పనే. కార్బన్, ఆక్సిజన్ తమ బయటి ఎలక్ట్రాన్లను పంచుకుని కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. ఆ మార్పులో వేడి విడుదలవుతుంది. కేంద్రకాలు చెక్కుచెదరవు. మంట ఆరాక కూడా కార్బన్ కార్బన్‌గానే ఉంటుంది. మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికాన్, అల్యూమినియం ఆక్సైడ్లు. అవి ముందే ఆక్సిజన్‌తో కలిసి ఉన్నాయి గనుక మండవు.

న్యూట్రాన్ల సంఖ్య మారితే అదే మూలకానికి వేరే ఐసోటోపు వస్తుంది. 6 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు ఉన్న కార్బన్-14 రేడియోధార్మికం. 5,730 ఏళ్లకు సగం తరిగిపోతుంది. గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడినది, అందులో బొగ్గుగా మారిన మొక్కల నాటి కార్బన్-14 ఏదీ మిగల్లేదు. కాబట్టి ఈ బొగ్గు వయసు కార్బన్-14ను కొలిచి తేల్చలేం.

హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే యురేనియం ఇంధనం సంగతి వేరు. రియాక్టర్‌లో కేంద్రకమే చీలుతుంది. పరమాణు స్థాయి శక్తిని కొలిచే ప్రమాణంలో చెబితే, ఒక కార్బన్ పరమాణువు మండితే సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది; ఒక యురేనియం కేంద్రకం చీలితే సుమారు 20 కోట్లు.

పరీక్షకు నిర్వచనాలు వల్లె వేసేముందు ఒక లెక్క చేయాలి. కార్బన్ పరమాణు భారం 12, ఆక్సిజన్‌ది 16. ఒక కిలో కార్బన్ పూర్తిగా మండితే ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందో పుస్తకం మూసి, కాగితం మీద వేసి చూడాలి.

ఆశీస్సులతో,
తాత