పాతాళభైరవి : కత్తి నేర్పెడు పాఠము



గత సంవత్సరము ఒక శనివారము రాత్రి మన వసతిగృహపు పెద్దగదిలో "పాతాళభైరవి" చిత్రమును ప్రదర్శించితిమి. మఱునాటి సాయంకాలమునకు ఆటస్థలమందలి వేపచెట్లకు కొమ్మలు తగ్గినవి. ప్రతి బాలుని చేతిలోను ఒక కఱ్ఱ కానవచ్చినది. ప్రొద్దు గ్రుంకకమునుపే ఎనిమిదవ తరగతి బాలు డొకనికి కనుబొమ్మపై దెబ్బ తగిలి నెత్తురు కారినది. కఱ్ఱలనన్నిటిని వంటశాలకు పంపితిమి. రెండు దినములకు ఆ బాలుని తల్లి వచ్చి మాతో ననిన మాట యిది: "అయ్యవారూ, మా ఊర్లో కత్తి ఆటవస్తువు గాదు. వీని చిన్నాయన కత్తికే పాయె. బిడ్డలకు ఇట్లాంటివి సూపించొద్దండి."

ఆ మాటకు మాయొద్ద నప్పుడు ఉత్తరము లేకపోయెను. ఈ వ్యాసము ఆమెకు ఆలస్యముగా నిచ్చుచున్న ప్రత్యుత్తరము. డెబ్బదియేండ్లు దాటిన యీ చిత్రమును పిల్ల లేల విడువకున్నారు? అందలి కత్తి వారికి నేర్పున దేమి? ఈ రెండు ప్రశ్నలను విచారింతము.

చిత్రము పుట్టువు

"పాతాళభైరవి" 1951వ సంవత్సరము మార్చి 15వ తేదీన విడుదలయ్యెను. దీనిని నిర్మించిన విజయా సంస్థకు మూలపురుషులు ఇరువురు: కడప జిల్లా పొట్టిపాడున 1912లో జనించిన బి. నాగిరెడ్డిగారు, ఆయన మిత్రులైన చక్రపాణిగారు. దర్శకులు తాడిపత్రి ప్రాంతమువారైన కె. వి. రెడ్డిగారు. రచన పింగళి నాగేంద్రరావుగారిది, సంగీతము ఘంటసాలగారిది, ఛాయాగ్రహణము మార్కస్ బార్‌ట్లేగారిది. వీరందఱును మద్రాసు నగరమున కూడి పనిచేసిరి. తెలుగుతోపాటు అరవమునను ఈ చిత్రమును నిర్మించిరి. 1952లో హిందీలోనికిని పోయెను.

నాయకుడైన తోటరాముని వేషము నందమూరి తారక రామారావుగారికి దక్కిన విధమును గూర్చి ఒక కథ ప్రచారమున నున్నది. ఒకనాడు టెన్నిసు ఆడుచు బంతి తప్పినందులకు ఆయన కోపముతో బ్యాటును విసరిన తీరు చూచి, నాకు కావలసిన రాముడు వీడే యని దర్శకులు నిశ్చయించుకొనిరట. కథ యెట్లున్నను, అందలి భావము గమనింపదగినది. వీరవేషమునకు కావలసినది చక్కని మొగము మాత్రమే కాదు. చేతిలో ప్రాణ ముండవలెను.

మొదటి కారణము: శ్రమ కంటికి కనబడుట

రాముడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. ఉజ్జయిని రాకుమారిని ప్రేమించి కోటలో ప్రవేశించి పట్టుబడును. మాతో సమానమైన ఐశ్వర్యము తెచ్చినయెడల పిల్ల నిత్తునని రాజు పలుకును. అంతట రాముడు నేపాళ మాంత్రికుని వెంట పాతాళగుహకు బయలుదేరును. ఆ దారిలో వానికి తోడు తన దేహబలము, తన గుండెనిబ్బరము మాత్రమే. మొసలితో పెనగులాడునప్పుడు మనుష్యుడు మనుష్యునివలెనే రొప్పుచుండును. చూచు బాలునికి అది దేవతల యుద్ధముగా తోచదు. "నేనును ప్రయత్నించిన చేయగలను" అనిపించును. ఈ యాశయే పిల్లలను మొట్టమొదట పట్టుకొనునది.

ఇతర దేశములందు నిలిచిన పోరాట చిత్రములలోను ఈ గుణమే కానవచ్చును. 1978లో హాంకాంగున వెలువడిన "షావొలిన్ 36వ గది" అను చిత్రమున ఒక యువకుడు విద్య నేర్వ మఠమున చేరును. వాని కెవరును వెంటనే కత్తి నీయరు. చేతులకు కత్తులు కట్టి నీళ్లబానలు మోయింతురు; చేతులు దింపినచో మొనలు ప్రక్కలకు గ్రుచ్చుకొనును. చిత్రమున పెద్దభాగము పోరాటము కాదు, అభ్యాసము. అయినను ప్రేక్షకులు విసుగక చూతురు. ఏలయన, విద్య యెట్లు వచ్చునో చూచుట మనుష్యున కెప్పుడును ప్రీతికరము.

రెండవ కారణము: వరముగా వచ్చినది నిలువకుండుట

మాంత్రికుడు తన్ను బలియీయ దలచినాడని గ్రహించి రాముడు వానినే బలియిచ్చి, కోరిన దెల్ల నిచ్చు ప్రతిమను పొందును. భవనము లేచును, ధనము చేరును. సామాన్యమైన కథ ఇక్కడ ముగిసెడిది. ఇక్కడనే పింగళివారి నేర్పు. బ్రదికివచ్చిన మాంత్రికుడు ఆ ప్రతిమను అపహరింపజేయగానే భవనము పోవును, రాకుమారియు పోవును. ఒక్క దినమున వచ్చిన దంతయు ఒక్క దినముననే పోయినది. రాముడు మరల ఉత్తచేతులవాడు.

అప్పుడు వానికి మిగిలిన దేమి? ధైర్యము, మిత్రుడైన అంజి. మాంత్రికుని మహిమ యంతయు గడ్డములో నున్నదని యెఱిగి, అంజి మారువేషమున ఉపాయముగా దానిని గీయించును. మహిమ తొలగిన పిమ్మటనే కత్తిపోరు. కత్తి చివర వచ్చినది. దానికి ముందు బుద్ధి, స్నేహము నడచినవి. మాంత్రికునిగా ఎస్. వి. రంగారావుగారు చూపిన గాంభీర్య మెంతదో, ఆ గడ్డముతో పోయిన బలము అంత అల్పమైనది.

మూలిక లేని సీమ

ఇక ఆ తల్లి మాటకు వత్తము. ఆమె పలికినది సత్యము. చిత్రములో చచ్చిన మాంత్రికుని శిష్యుడు మూలికతో బ్రదికించినాడు. ఆ మూలిక కర్నూలు కొండలలో లేదు, కడప కొండలలో లేదు. కక్షలలో పడినవాడు లేవడు. వాని బిడ్డ బడి మాని గొఱ్ఱెలవెంట పోవును. 1999లో వచ్చిన "సమరసింహారెడ్డి" మొదలుగా ఎన్నియో చిత్రములు మన సీమను వేటకొడవళ్ల సీమగా లోకమునకు చూపినవి. పరస్థలములకు చదువబోయిన మన బాలురను "మీది ఆ ఊరా?" యని తోడివారు వెనుకకు జరిగి యడుగుచుందురు. అదే సీమవారు "పాతాళభైరవి"ని తీసినారని వారికి చెప్పువారేరి?

రెంటికి భేదము స్పష్టము. ఆ చిత్రములలో కత్తి పగకు బదులు పగను తీర్చును; పోరు ముగిసినను కక్ష ముగియదు. తోటరాముడు ఎవరి తండ్రికిని బదులు తీర్చుటకు కత్తి పట్టలేదు; చెఱలో నున్నదానిని విడిపించుటకు పట్టినాడు. పని తీరగానే కథయు తీరినది. అయినను ఒక లోప మొప్పుకొనవలెను. తెరమీద దెబ్బ నొప్పి పుట్టింపదు. ఆ నొప్పిని గూర్చి చెప్పుట చిత్రము పని కాలేదు. అది ఉపాధ్యాయుల పని. మేము చిత్రమును చూపి, పాఠము చెప్పక పడుకొంటిమి. తప్పు కఱ్ఱలది కాదు, మాది.

పిమ్మట జరిగినది

తరువాత తరగతిలో ఆ కథను మరల చర్చించితిమి. ప్రతిమ రాముని యొద్ద ఏల నిలువలేదని యడుగగా, నుదుట కట్టుతో కూర్చుండిన ఆ బాలుడే లేచి, "అది వానికి దొరికింది సార్, వాడు నేర్చుకొన్నది గాదు" అని బదులు చెప్పెను.

ఈ సంవత్సరము కఱ్ఱసాము తెలిసిన ఒక వృద్ధుని పిలిపించితిమి. తల్లిదండ్రుల యనుమతి గలవారినే చేర్చుకొంటిమి. ఆయన మొదటినెల యెవరికిని కఱ్ఱ నీయలేదు; నిలుచుట, అడుగు వేయుట, ఎదుటివానికి నమస్కరించుట మాత్రమే నేర్పెను. సగముమంది మానివేసిరి. నుదుట మచ్చగల బాలుడు మాత్రము మానలేదు. వాని తల్లి మొదట వలదనెను. ఒక సాయంకాలము స్వయముగా వచ్చి చెట్టుక్రింద కూర్చుండి చివరిదాక చూచి, ఏమియు ననక తలయూపి పోయెను. ఆ తలయూపును మేము అనుమతిగా గైకొంటిమి, భారముగాను గైకొంటిమి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీకు కష్టపడక లభించిన వస్తువు, కష్టపడి నేర్చిన విద్య — ఈ రెంటిలో ఇతరులు అపహరింపలేనిది ఏది?

2. అంజి లేనియెడల రాముని కత్తి యేమి చేయగలిగి యుండెడిది?

3. మీరు చూచిన వేఱొక పోరాట చిత్రమును గూర్చి వ్రాయుడు. అందు నాయకుడు పోరు ముగిసిన పిమ్మట కత్తిని క్రింద పెట్టెనా, లేదా?