యూరియా బస్తా వెనుక ఆవిరి బేరం

యూరియా వర్తకులు గోదాము నిల్వలను, రేవుకు వచ్చే ఓడలను, వానలను గమనిస్తూనే వుంటారు. ఫ్యాక్టరీలో "షిఫ్ట్ విభాగం దెబ్బతిన్నది" అనే కబురు వస్తే మాత్రం దాని బరువెంతో చాలామందికి అంతుపట్టదు. సరఫరా అంచనా కట్టేవారు ఈ విభాగం సంగతి కొంత తెలుసుకొనడం మంచిది.

టన్ను యూరియాకు సుమారు 0.57 టన్నుల అమ్మోనియా, 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అమ్మోనియాకు కావలసిన నత్రజని గాలిలో వుంది. హైడ్రోజన్‌ను మాత్రం సహజవాయువు, నాఫ్తా, బొగ్గు వంటివాటి నుంచి ఖర్చు పెట్టి రాబట్టాలి. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కూడా వెంట వస్తుంది. అమ్మోనియా తయారీలో వాడే ఇనుప ఉత్ప్రేరకానికి ఇది విషం.

అయితే నీటి ఆవిరి తోడైతే ఈ చెత్తే సరుకవుతుంది. ఒక పాలు మోనాక్సైడ్, ఒక పాలు ఆవిరి కలిసి ఒక పాలు హైడ్రోజన్, ఒక పాలు డయాక్సైడ్ ఇస్తాయి. రెండూ యూరియాకు పనికివచ్చేవే. ఇదే వాటర్ గ్యాస్ షిఫ్ట్ చర్య.

చిక్కు అంతా ఉష్ణంతోనే. ఈ చర్యలో వేడి పుడుతుంది. అందుచేత ఉష్ణం హెచ్చితే పని చురుకుగా సాగుతుంది గాని మార్పు మధ్యలోనే నిలిచిపోతుంది. తగ్గితే మార్పు చాలావరకు పూర్తవుతుంది గాని పని మందగిస్తుంది. స్వల్పలాభంతో వెంటనే చెల్లే సరుకుకూ, మంచి లాభంతో నిదానంగా కదిలే సరుకుకూ వున్న తేడా వంటిదే ఇది. ఫ్యాక్టరీలు రెండు బేరాలూ చేస్తాయి. సహజవాయువు ఫ్యాక్టరీలో 350-450 డిగ్రీల వద్ద ఇనుము-క్రోమియం ఉత్ప్రేరకం మీద మోనాక్సైడ్ సుమారు 3 శాతానికి దిగుతుంది. తరువాత 200-250 డిగ్రీల వద్ద రాగి-జింకు ఉత్ప్రేరకం మీద 0.3 శాతం దరిదాపులకు వస్తుంది.

మిగిలినదానికి లెక్క గట్టిగానే పడుతుంది. దానిని మీథేన్‌గా మార్చడానికి ఒక పాలు మోనాక్సైడ్‌కు మూడు పాళ్లు హైడ్రోజన్ ఖర్చవుతుంది. రావలసిన ఒక పాలు కూడా రాదు. వెరసి నష్టం నాలుగు పాళ్లు.

ఒత్తిడి సంగతి వేరు. చర్యకు ముందూ తరువాతా వాయువు పాళ్లు సమానమే కనుక, ఒత్తిడి పెంచినంత మాత్రాన మార్పు శాతం చెప్పుకోదగినంతగా పెరగదు. అయినా 30 వాతావరణ పీడనాల దరిదాపుల్లో నడుపుతారు. అమ్మోనియా తయారీకి ఎలాగూ 150-250 పీడనాలు కావాలి. ముందునుంచే ఒత్తిడిలో వుంచితే కంప్రెసర్ ఖర్చు, పాత్రల సైజు తగ్గుతాయి. రామగుండంలో 1980లో ఉత్పత్తి ప్రారంభించిన బొగ్గు ఫ్యాక్టరీకి ఈ వెసులుబాటు లేదు. అక్కడి గాసిఫయర్లు సాధారణ వాతావరణ పీడనం దరిదాపుల్లోనే నడిచేవి. పైగా బొగ్గు వాయువులో సగం దాకా మోనాక్సైడే. ఆ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. అందుకు ఇదొక్కటే కారణం కాదు గాని భారం మాత్రం చిన్నది కాదు. అక్కడే 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త ఫ్యాక్టరీకి ముడిసరుకు సహజవాయువు.

కనుక షిఫ్ట్ విభాగం కబురు వస్తే, దెబ్బతిన్నది ఏ ఉత్ప్రేరకమో ముందు వాకబు చేయాలి. రాగి ఉత్ప్రేరకానికి గంధకం, క్లోరిన్ లేశమాత్రం తగిలినా చేటే. దానిని మార్చాలంటే పాత్రను చల్లార్చాలి, కొత్తది నింపాలి, హైడ్రోజన్‌తో మెల్లగా సిద్ధపరచాలి. ఇది గంటల్లో తేలే పని కాదు, రోజులు పడుతుంది. సీజన్ ముంగిట ఆ రోజుల విలువ ఎంతో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.